లారీ కప్పులో బొంత

భూపాలపల్లి నుంచి ఖాళీగా తిరిగివస్తున్న లారీలో, పరకాల దాటాక, క్యాబిన్ లోపలి కప్పు మా అన్న నెత్తి మీద పడింది. కప్పు అంటే రేకు కాదు. రేకు కింద ప్లైవుడ్ పట్టీలకు మేకులతో బిగించిన రెక్జిన్. అప్పటికే కొన్ని నెలలుగా అది మధ్యలో పొట్టలా వేలాడుతూ ఉంది. ఆ రోజు పొద్దున్నుంచి వాన. రేకు అతుకుల్లోంచి దిగిన నీళ్లన్నీ ఆ పొట్టలో చేరాయి. బరువుకు డ్రైవరు వైపు మేకులు ఊడి వచ్చాయి. అన్న బండి పక్కకు ఆపి, ఊడిన అంచును తువ్వాలతో పైకి కట్టుకుని, మెడ ఒక పక్కకు వంచి జనగామ దాకా నడుపుకొచ్చాడు.

ఎండ వేడి దిగకుండా రెక్జిన్‌కూ రేకుకూ మధ్య స్పాంజి పెడతారు. మా అన్న లారీలో స్పాంజి లేదు. మా అమ్మ బొంత ఉంది.

అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అంతకు ముందటి చలికాలంలో, మహబూబాబాద్‌లో అన్న ఇంట్లో పోయింది. చాలాకాలం మంచం పట్టి పోయింది. చూడటానికి వచ్చినవాళ్లు ఆమె ఓర్పు గురించి మాట్లాడారు. ఆమెకు ఓర్పు తక్కువ. చారులో ఉప్పు ఎక్కువైతే గిన్నె పక్కకు నెట్టేసేది. జ్వరం గోలీ చేదుగా ఉందని వదినను తిట్టేది. నేను ఎవరినీ సరిదిద్దలేదు. అలాంటప్పుడు మనుషులు ఏదో ఒకటి మాట్లాడాలి, ఓర్పు అనేది అందరి నోటికీ అందుబాటులో ఉండే మాట.

అవ్వ పోయిన పూట అన్న భూపాలపల్లిలో బొగ్గు లోడు కోసం లారీల వరుసలో ఉన్నాడు. ముందూ వెనకా బండ్లు. బయటికి తీయడానికి దారి లేక, లారీని క్లీనరుకు అప్పగించి, దొరికిన జీపు ఎక్కి వచ్చేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. నేను పక్కనే ఉన్నాను, వదిన ఉంది. అతను లేడు. ఆ సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు. 

మా దగ్గర మనిషి ప్రాణం పోయిన పక్కబట్టలు ఇంట్లో ఉంచరు. దినాలు అయ్యేలోగా చాకలికి ఇచ్చేస్తారు, లేకపోతే ఊరి బయట వదిలేస్తారు. మంచి చీరలు ఆడపిల్లలు తీసుకోవచ్చు, నేను తెచ్చుకున్నాను. కానీ చివరిసారి కప్పుకున్న బొంత మాత్రం గడప లోపల ఉండకూడదు. ఇచ్చొస్తానని అన్నే దాన్ని చుట్టి లారీలో వేసుకున్నాడు. ఇవ్వలేదు. కేసముద్రం మార్కెట్లో మక్కజొన్నల లోడు కోసం ఆగినప్పుడు, పాత రెక్జిన్ ఒక పక్క విప్పి, పొడి రాలుతున్న స్పాంజి తీసి పారేసి, దాని జాగాలో బొంత పరచి తనే మేకులు కొట్టాడు. పక్క లారీల డ్రైవర్లకు ఎండకు క్యాబిన్ కాలిపోతోందని చెప్పాడట. నాకు చెప్పినప్పుడు మాత్రం వేరే మాట అన్నాడు.

"ఇంట్ల పెట్టద్దన్నరు. లారీ ఇల్లు కాదు గదా."

నెలలో ఎక్కువ రాత్రులు అతను ఆ లారీలోనే పడుకునేవాడు. 

బొంత స్పాంజి కన్నా బరువు. అన్న కొట్టినవి పొట్టి మేకులు. ఎండాకాలం వచ్చేసరికి కప్పు వేలాడటం మొదలైంది. ఒకరోజు పుట్టింటికి పోవడానికి వదిన లారీ ఎక్కింది. రెక్జిన్ చిరిగిన చోట ఒక ఎర్ర అంచు బయటికి వచ్చి ఉంది. అది అవ్వ చీర అంచు. వదిన దాన్ని చూసి, దిగి, బస్సుకు పోయింది. ఆ తర్వాత లారీ ఎక్కలేదు.

వదినది మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ అవ్వను చూసుకున్నది వదిన. నేను సెలవులకు వచ్చిపోయేదాన్ని, అన్న లోడ్లకు మధ్య వచ్చిపోయేవాడు. వేసవిలో నేను మహబూబాబాద్ పోయినప్పుడు, బాసండ్లు తోముతూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"గా బొంతను ఎన్నిసార్లు పిండిన్నో నాకే ఎరుక. మీ అన్నకు దాన్ని చూస్తె అవ్వ యాదికొస్తది. నాకు ఆ వాసన యాదికొస్తది. చేసేదంత చేసిన. ఇగ సాలు."

 నేను కడిగిన బాసండ్లు బోర్లించాను.

ఆమె ఒక గడువు కూడా పెట్టింది. దసరా ముందు వచ్చే పెత్రమాస అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. అవ్వకు అది మొదటి పెత్రమాస. బియ్యం చాటలో పోసి, కూరగాయలు పెట్టి, అయ్యగారి ముందుంచేది కోడలే. బొంత లారీలో ఉన్నంతకాలం తాను ఆ చాట ముట్టనంది. మనిషిని పోనివ్వకుండా పట్టుకుని కూర్చున్నప్పుడు బియ్యం ఇచ్చేది ఎవరికని అడిగింది. బొంతను ఆడిబిడ్డనైన నా ఇంట్లో పెట్టినా తన ఇంట్లో పెట్టినట్టేనని కూడా చెప్పడంతో నా దారి కూడా మూసుకుపోయింది. అన్న సరే అన్నాడు. సరే అన్నాడే గానీ కప్పు విప్పలేదు. దసరా దగ్గర పడుతున్నకొద్దీ పొట్ట కిందికి దిగుతూ వచ్చింది, దాని కింద అన్న మెడ వంగుతూ వచ్చింది. ఆరడుగుల మనిషి. పక్కనుంచి చూస్తే, బండి నడుపుతూ ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు ఉండేవాడు.

అప్పుడు సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు గనులు ఆగిపోయాయి. భూపాలపల్లిలో లోడు కోసం నిలబడ్డ లారీలు ఒక్కొక్కటే ఖాళీగా వెనక్కి మళ్లాయి. నేను జనగామలో గ్రంథాలయంలో పని చేసేదాన్ని, మేమూ సమ్మెలో ఉన్నాం. తాళంచెవి నా సంచిలోనే ఉండేది. పొద్దున చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరానికి పోయి కూర్చోవడం, పొద్దుమీకి ఇంటికి రావడం. ఉపన్యాసాలు వినేదాన్ని. కొన్ని బాగుండేవి. చాలావాటిలో రక్తం, నిప్పు, తల్లి అనే మాటలు అవసరానికి మించి వచ్చేవి. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. అందుకు ఆ మాటలు అవసరమని మాత్రం అనిపించలేదు.

కప్పు ఊడిన రోజు అన్న లారీని నేరుగా ఆ చౌరస్తాకే తెచ్చాడు. శిబిరానికి ఎదురుగా, సిద్ధిపేట రోడ్డు మూల మీద, సీట్లూ కప్పులూ కుట్టే కుషన్ దుకాణం ఉంది. మిస్త్రీ సాయిబు, అన్న కన్నా పెద్దవాడు. లారీ కొన్న కొత్తలో సీట్లు కుట్టింది ఆయనే. మాట్లాడకుండా పని చేయలేని మనిషి. తువ్వాలతో కట్టిన కప్పు కింద వంకర మెడతో దిగిన అన్నను చూసి బీడీ నోట్లోంచి తీశాడు.

"ఏంది తమ్మీ, బండిని నడుపుకుంట వచ్చినవా, నెత్తిన పెట్టుకొని వచ్చినవా?"

అన్న శిబిరంలో ఉన్న నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. ఎందుకు పిలిచాడో పోయాక తెలిసింది. కప్పు విప్పేటప్పుడు పక్కన ఉండటానికి.

మిస్త్రీ పట్టుకారుతో మేకులు ఒక్కొక్కటే పీకాడు. ముందు నీళ్లు వచ్చాయి, తుప్పు రంగులో, సీటు మీదికీ మా కాళ్ల మీదికీ. ఆ తర్వాత తడి బట్ట వాసన. మిస్త్రీ రెక్జిన్ అంచు ఎత్తి లోపలికి చూసి, ఇదేం స్పాంజి అని అడిగాడు.  మా అవ్వ బొంత అని నేను చెప్పాను. ఆయనకు అవ్వ పోయిన సంగతి తెలుసు. పట్టుకారు సీటు మీద పెట్టి, పక్కకు జరిగాడు.

"మీరే దింపుండ్రి. కింద పడనియ్యకుండ్రి."

ఇద్దరం చెరో వైపు పట్టుకుని దింపాం. అప్పుడు నాకు ఒక పోలిక తోచింది. దాన్ని రాయను. తడిసిన బొంత బరువుగా ఉంటుంది, అంతే.

బొంతను బతుకుతో పోల్చి రాసినవి చాలా చదివాను. ముక్కలు, అతుకులు, రంగులు. మా అవ్వ బొంతలో ముక్కలు చేతికి ఏ వరుసలో దొరికితే ఆ వరుసలో ఉన్నాయి. నాయిన పంచెలు లోపల, అవ్వ చీరలు పైన, ఒక మూల నా బడి లంగా. ఒక పక్క నీళ్లు నిలిచి నిలిచి నల్లబడింది. అంచు పొడుగునా మేకుల రంధ్రాలు. దాన్ని లారీ బాడీకి కట్టిన తాడు మీద ఆరేశాం. చినుకులు ఆగిపోయాయి గానీ ఎండ లేదు.

పని రెండు గంటల్లో అయ్యేది కాదని మిస్త్రీ చెప్పాడు. ముందు రేకు అతుకులకు తారు పూయాలి, అది ఆరాలి, కుళ్లిన పట్టీలు మార్చాలి. వెల్డింగు పెట్టిద్దామంటే కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. బొగ్గు ఆగాక కోతలు పెరిగాయి. ఇక రెక్జిన్. సమ్మెతో హైదరాబాద్ నుంచి సరుకు రావడం లేదు. ముదురు గోధుమ రంగు కావాలని అన్న అడిగితే, దుకాణంలో మిగిలింది గులాబీ రంగు ఒక్కటేనన్నాడు మిస్త్రీ. ఆ రోజుల్లో ఉద్యమం జెండాల రంగు అది. ఆటోల వాళ్లూ మోటారు సైకిళ్ల వాళ్లూ అదే అడుగుతున్నారని తెప్పించి పెట్టుకున్నాడు.

"కప్పు గులాబిది, లోపల డ్రైవర్ నల్లగ. మంచిగ కనబడుతవ్ తమ్మీ," అన్నాడు.

అన్న రంగు గురించి పట్టించుకోలేదు. స్పాంజి వద్దన్నాడు. బొంత ఆరినాక దాన్నే పెట్టి, పొడుగు మేకులు దగ్గర దగ్గరగా కొట్టమన్నాడు. మిస్త్రీ నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. పెత్రమాస అదే వారంలో ఉంది. వదినకు మాట ఇచ్చింది అతనే. ఆ సంగతి గుర్తు చేశాను.

"ఆరనియ్యి చెల్లె. సూద్దాం," అన్నాడు.

డ్రైవరు సీటు వైపు కప్పు మాత్రం తాను చెప్పేదాకా మూయవద్దని మిస్త్రీకి చెప్పాడు. మా ఇంటికి రమ్మంటే రాలేదు. బొంత బయట ఉందని, లారీ దగ్గరే పడుకుంటానన్నాడు.

శిబిరంలో రోజూ వచ్చేవాళ్లలో ఒక ముసలామె ఉండేది. బచ్చన్నపేట వైపు ఒక లంబాడా తండా ఆమెది. తండా వాళ్లంతా ఒక రోజు దీక్షలో కూర్చోవడానికి వచ్చి పోయారు. ఆమె మాత్రం మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఇంట్లో కోడలితో పడదని, ఇక్కడైతే మనుషులు ఉంటారని చెప్పింది. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అన్నం కూడా దొరికేది. నిరాహార దీక్ష శిబిరానికి అన్నం కోసం వచ్చేది ఆమె ఒక్కతే కాదు. వానకు కింద పరచిన తాటిపత్రి పట్టా తడిసి, దాని మీద వేసిన గోనె సంచులు తడిసి, కూర్చున్నవాళ్లందరికీ నడుములు పట్టేశాయి. ఎదురుగా లారీ తాడు మీద బొంత రెండు రోజులుగా ఆరుతోంది. దాన్ని చూపించి, అది ఎవరిదని ఆమె నన్ను అడిగింది. మా అన్నదని చెప్పాను. లేచి, ఘాగ్రా కొంచెం ఎత్తిపట్టుకుని, రోడ్డు దాటి, తనే అన్న దగ్గరికి పోయింది. నేనూ వెనక పోయాను.

అన్న లారీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కింద పరచుకోవడానికి బొంత ఇమ్మని ఆమె అడిగింది. కాదన్నాడు. ఎండింది కదా, ఊరికే వేలాడుతోంది కదా, పొద్దుమీకి తెచ్చిస్తాను కదా అని ఆమె ఒక్కొక్కటే చెప్పింది. అతను ఒక్కొక్కదానికీ తల అడ్డంగా ఊపాడు. చివరికి, ఆ మాటతో ఆమె వెళ్లిపోతుందని అనుకున్నాడేమో, ఉన్నది చెప్పాడు.

"గది మా అవ్వ సచ్చిపోయిన బొంత."

"అయితె? మా అత్త సచ్చిపోయిన మంచం మీదనే నేను పండుకుంట," అంది ఆమె. "మంచానికేమైంది, మంచిగున్నది. సచ్చింది అత్త."

ముందు నవ్వింది మిస్త్రీ. నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాడు, వాటిని చేతిలో ఉమ్మి నవ్వాడు. అన్న కూడా ఒక చప్పుడు చేశాడు. అది నవ్వో దగ్గో నాకు తెలియలేదు. లేచి తాడు విప్పి బొంత తీసి ఆమెకు ఇచ్చాడు. పొద్దుమీకి తెచ్చివ్వాలని గట్టిగా చెప్పాడు.

ఆ పొద్దుమీకి తెచ్చి ఇచ్చింది. అన్న దాన్ని దులిపి, మడతపెట్టి, లారీలో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున ఆమె మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాడు. ఆ రోజు బొంత మీద ఆమెతో పాటు ఆసుపత్రి ఆయాలు ఇద్దరూ, మా గ్రంథాలయం అటెండరూ కూర్చున్నారు. మధ్యాహ్నం కొంతసేపు నేనూ కూర్చున్నాను. నా బడి లంగా ముక్క ఎవరి కిందో ఉంది. మైకులో ఎవరో తల్లి రుణం గురించి మాట్లాడుతున్నారు. బొంత కింద తడి మాత్రం పైకి రాలేదు. నేను గమనించింది అదే.

రోడ్డు అవతలి నుంచి అన్న చూస్తూ ఉండేవాడు. మొదటి రోజు ఎవరైనా చెప్పులతో బొంత మీద కాలు పెడితే లేచి నిలబడేవాడు. తర్వాత లేవడం మానేశాడు. కప్పు పని నడుస్తూ ఉండేది. తారు ఆరింది. మిస్త్రీ కొత్త పట్టీలు వేసి, కాళ్లతో తొక్కే మిషన్ మీద రెక్జిన్ కుట్టి, క్లీనరు వైపు నుంచి బిగించుకుంటూ వచ్చాడు. పలచటి స్పాంజి పెట్టే బిగించాడు. డ్రైవరు వైపు మాత్రం రెక్జిన్ అంచు ఊరికే వేలాడుతూ ఉంది. అక్కడ బొంత పట్టేంత ఖాళీ ఏమీ లేదు. అది అన్నకూ కనిపిస్తూనే ఉంది. అయినా మూయమనలేదు.

పెత్రమాస ముందు రోజు ముసలామె సూదీ దారమూ తెచ్చుకుంది. బొంత అంచు మేకుల దగ్గర చీలికలై ఊడిపోతోందని, కూర్చున్నవాళ్ల కాలివేళ్లు ఇరుక్కుంటున్నాయని ఆమె బాధ. మందపాటి ఎర్ర దారంతో, దగ్గర దగ్గర కుట్లతో, అంచు మడిచి కుట్టుకుంటూ పోతోంది. అన్న టీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. శిబిరంలోకి అతను రావడం అదే మొదటిసారి. ఆమె తల ఎత్తకుండానే అంది.

"మీ అవ్వకు కుట్టుడు రాదు కొడుకా. సూడు, ఒక కుట్టు గింత, ఒక కుట్టు గంత. నడుమ ఏలు పడుతున్నది."

"మా అవ్వ బొంత కుడితె వాడకట్టంత వచ్చి సూసేది," అన్నాడు అన్న. 

"సూసి ఏమన్నరు?"

 నిజానికి అవ్వ ఒకప్పుడు బాగానే కుట్టేది. ఈ బొంత కుట్టేనాటికి చూపు బాగా తగ్గింది. సూదిలో దారం వదిన ఎక్కించి ఇచ్చేది. వేళ్లతో తడుముకుంటూ, కుట్టు ఎక్కడ పడిందో తెలియక, ఒకచోట ఒకదాని మీద ఒకటి వేసి, ఇంకోచోట వదిలేసి కుట్టింది. మేం మాత్రం బాగుందనే అన్నాం. నేను ముసలామెకు ఉన్నది చెప్పాను, కండ్లు కనిపించక తడుముకుంటూ కుట్టిందని.

ఆమె ఆగి, ఆ వదులు కుట్ల మీద బొటనవేలు నడిపింది.

"అట్లయితె మంచిగనే కుట్టింది," అని మళ్లీ పనిలో పడింది.

ఆమె సూది ఇప్పుడు ఎర్ర అంచు ఉన్న మూలకు వచ్చింది. వదిన లారీలో చూసింది ఆ అంచునే. అవ్వ కుట్లు అక్కడ ఇంకా ఊడలేదు, వదులుగా నిలిచి ఉన్నాయి. అన్న చెయ్యి చాపి ఆ మూల మీద పెట్టాడు.

"గీ మూల ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితె ఊడుతది."

అతను టీ తాగడం మరిచిపోయి గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మైకు ఆగిపోయి ఉంది, కరెంటు పోయినట్టుంది. ముసలామె తొందరపెట్టలేదు. సూది పట్టుకుని ఎదురుచూసింది.

"అయితె కుట్టు," అన్నాడు.

చెయ్యి తీశాడు. ఆమె అవ్వ కుట్ల మీదుగా తన కుట్లు వేసుకుంటూ మూల తిప్పింది. అయిపోయాక పళ్లతో దారం కొరికింది. పొద్దుమీకి తేవద్దని, నువ్వే ఉంచుకో అని అన్న ఆమెకు చెప్పాడు.

"ఉంచుకుంట," అంది. "పైసలైతె నేను ఇయ్య."

అన్న లేచి రోడ్డు దాటి పోయాడు. మిస్త్రీ లారీ మెట్టు మీద నిలబడి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మూయనా ఆగనా అని అడిగాడు. మూసెయ్ భాయ్ అన్నాడు అన్న. నేను ఇవతలే ఉండిపోయాను. సుత్తి చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం మహబూబాబాద్ బయలుదేరాం. పాలకుర్తి దాటాక ఒకచోట సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా ఎడ్ల బండ్లు పెట్టారు. లోడు ఉందేమో చూడటానికి మెట్టు ఎక్కిన పిలగాళ్లు లోపల గులాబీ కప్పు చూసి, నినాదం ఇచ్చి, బండ్లు పక్కకు లాగారు. తర్వాత కూడా చాలాకాలం ఆ సంగతి చెప్పి అన్న నవ్వేవాడు. ఉద్యమంల నా పాత్ర గంతే అనేవాడు. దారి పొడుగునా అతని మెడ వంగే ఉంది. పైన ఏమీ లేదు, తలకూ కప్పుకూ మధ్య జానెడు జాగా ఉంది. ఒకటి రెండుసార్లు చెప్పాను. సరిచేసుకున్నాడు. మళ్లీ వంగింది.

వదిన వాకిట్లో కూరగాయలు కడుగుతోంది. లారీ వైపు చూడలేదు. బొంత ఏం చేశారని అడిగింది. శిబిరంలో ఒక ముసలామెకు ఇచ్చానని అన్న చెప్పాడు. అవ్వ పోయిన బొంత అని తెలిసే తీసుకుందా అని అడిగింది. తెలిసే అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయి, బియ్యం డబ్బా మూత తీసింది. చాటలో పోసింది. బియ్యం మీద పసుపు, బీరకాయలు, చింతపండు, కొంచెం పప్పు. అవ్వకు ఇష్టమని పక్కన బెల్లం ముక్క పెట్టింది. అది నాకు గుర్తు లేదు. అవ్వకు బెల్లం ఇష్టమన్న సంగతి వదిన చెప్తేనే గుర్తొచ్చింది. గుడి దగ్గర అయ్యగారు పేర్లు అడిగినప్పుడు వదినే అందించింది.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు పోతూ, వదిన లారీ దగ్గర ఆగి తలుపు తీసి, మెట్టు ఎక్కి లోపలికి చూసింది.

"గిదేంది, పెండ్లి పందిరి లెక్కున్నది," అంది.

దిగి, తలుపు గట్టిగా వేసి పోయింది. అన్నం తినేటప్పుడు మాత్రం అన్నతో, మెడ సక్కగ పెట్టు, ఇప్పుడేమున్నది పైన, అంది. అతను నిటారుగా కూర్చుని తిన్నాడు.

నేను జనగామకు వచ్చేశాను. సమ్మె దసరా దాటి, ఇంకా కొంతకాలం నడిచింది. నేను రోజూ శిబిరానికి పోతూనే ఉన్నాను. బొంత అక్కడే ఉండేది, పగలు అందరి కింద, పొద్దుమీకి ముసలామె చంకలో. సమ్మె ముగిశాక డేరా విప్పారు. ఆమె బొంతను నెత్తి మీద పెట్టుకుని, బచ్చన్నపేట పోయే ఆటోలో వెనక వైపు కూర్చుంది. నాకు చెయ్యి ఊపలేదు, నన్ను చూసినట్టు లేదు. ఆ తర్వాత ఆమెను నేను మళ్లీ చూడలేదు.

గ్రంథాలయం తాళం తీశాను. పత్రికలు ఒక కుప్పగా పేరుకుని ఉన్నాయి. వాటిని తేదీల వారీగా సర్దుతుండగా అన్న ఫోన్ చేశాడు. గనులు తెరిచారు, భూపాలపల్లిలో బొగ్గు లోడు కోసం వరుసలో ఉన్నానన్నాడు. ముందు చాలా బండ్లు ఉన్నాయన్నాడు. వర్షం పడినా లోపలికి చుక్క రావడం లేదన్నాడు. కాసేపు ఇవీ అవీ మాట్లాడి అడిగాడు.

"బొంత ఎటు వాయె?"

"ముసలామె తండకు తీస్కపోయింది."

"పరుస్తదా, కప్పుకుంటదా?"

అడగలేదని చెప్పాను. అవతల ఇంజన్ల చప్పుడు, ఎవరో కేకలేయడం వినిపిస్తున్నాయి. 

"సలి మొదలైంది గదా," అన్నాడు. "కప్పుకుంటది."

ముందు బండి కదిలిందని చెప్పి పెట్టేశాడు.